రీలు బతికితేనే నవ్వు

మన దేశంలో సినిమాకు మాటలు రాకముందు తీసిన చిత్రాలు 1,300కు పైగా ఉంటాయి. వాటిలో పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి 30 లోపే. అందులో తెలుగువాళ్ల వాటా ఎంత అని వెతికితే చేతికి ఏమీ తగలదు. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ మద్రాసులో 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. నిజాం ఆర్ట్ కాలేజీలో పనిచేసిన ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' లాంటి నవ్వుల చిత్రాలు తీశారు. వాటి పేర్లు మిగిలాయి, బొమ్మలు పోయాయి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు కూడా ప్రింటు లేదు.

మిగిలిన ఆ కొద్ది మూకీల్లో ఒక హాస్యచిత్రం ఉంది. కాళీపద దాస్ 1931లో తీసిన 'జమాయ్ బాబు'. పల్లెటూరి అల్లుడు కలకత్తాకు వచ్చి దారి తప్పి పడే తిప్పలే కథ. చాప్లిన్ ప్రభావం దాంట్లో బాగా కనిపిస్తుంది. ఆ చాప్లిన్ సినిమాల గతి వేరు. 1914లో కీస్టోన్ కంపెనీకి ఆయన చేసిన చిత్రాల్లో ఒకటి తప్ప అన్నీ ఇవాళ చూడొచ్చు. అలాగని అమెరికా తన మూకీలను జాగ్రత్తగా దాచుకున్నదనుకుంటే పొరపాటు. అక్కడ తీసిన దాదాపు 11,000 పూర్తి నిడివి మూకీల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి సుమారు 14 శాతమేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నివేదిక తేల్చింది. చాప్లిన్, కీటన్, లారెల్–హార్డీ బతికారంటే, వాళ్ల ప్రింట్లు ప్రపంచమంతా తిరిగాయి. ఆ తర్వాత వాటిని వెతికి, పోల్చి, బాగుచేసిన మనుషులు దొరికారు.

రీలును ఏది చంపుతుంది, ఏది బతికిస్తుంది అన్న సంగతి కర్నూలు, కడప పాఠకులకు దూరపు ముచ్చట కాదు. తెలుగు హాస్యానికి మకుటాల్లాంటి మూడు చిత్రాల వెనుక ఉన్న నిర్మాత కడప జిల్లా మనిషి. ఆ చిత్రాలకు ప్రధాన శత్రువు కూడా మనకు బాగా తెలిసినదే: ఎండ.

రీలు లోపల జరిగేది

ఫిలిం అంటే రెండు పొరలు. కింద ప్లాస్టిక్ పట్టీ, దాని మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి రేణువులు. బొమ్మంతా ఆ వెండిలోనే ఉంది. మూకీల కాలంలో కింది పట్టీని నైట్రోసెల్యులోజ్‌తో చేసేవారు. దూదిని నత్రికామ్లంతో కలిపి చేసే పదార్థం అది. తుపాకిమందుకు దగ్గరి చుట్టం. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువుల్లోనే ఉంటుంది కనుక నీళ్లలో ముంచినా మంట ఆరదు. మండకపోయినా ఊరుకోదు. ఏళ్లు గడిచేకొద్దీ నత్రజని ఆక్సైడ్లు వెలువడి, గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై, ఆ ఆమ్లమే వెండిని, జెలటిన్‌ను తినేస్తుంది. మొదట బొమ్మ పసుపుబారుతుంది, తర్వాత చుట్లు అంటుకుపోతాయి, చివరికి డబ్బాలో గోధుమరంగు పొడి మిగులుతుంది. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నైట్రేటు గిడ్డంగి అంటుకుని ఎన్నో పాత రీళ్లు బూడిదయ్యాయి.

కొడాక్ 1950ల మొదట్లో నైట్రేటు తయారీ ఆపేసింది. దాని స్థానంలో వచ్చిన ఎసిటేటు ఫిలిం తేలిగ్గా అంటుకోదు కనుక 'సేఫ్టీ ఫిలిం' అన్నారు. కానీ దానికి మరో జబ్బు ఉంది. వేడి, తేమ కలిసి ఎసిటేటు అణువులను విరగగొడితే ఎసిటిక్ ఆమ్లం బయటికి వస్తుంది. అది మనం వెనిగర్ అని కొనుక్కునేదే. డబ్బా మూత తీయగానే పుల్లటి ఘాటు ముక్కుకు కొడితే ఆ రీలుకు రోగం పట్టినట్టు. ఒకసారి పుట్టిన ఆమ్లం మిగతా అణువులను మరింత వేగంగా విరగ్గొడుతుంది. పాలలో వేసిన కాస్త తోడు కుండంతా పెరుగు చేసినట్టు, ఒక మూల మొదలైన పులుపు రీలంతా పాకుతుంది. పక్క డబ్బాలకూ అంటుతుంది. ఫిలిం కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, అంచులోని పళ్ల రంధ్రాలు ప్రొజెక్టరు పళ్లకు కుదరవు.

ఈ జబ్బు వేగాన్ని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. 21 డిగ్రీల గదిలో, 50 శాతం తేమలో ఉంచిన కొత్త ఎసిటేటు ఫిలింకు వెనిగర్ వాసన మొదలవడానికి సుమారు 40 ఏళ్లు. మన దగ్గర మే నెలలో నీడపట్టున 21 డిగ్రీలు ఎక్కడ? కర్నూలులో ఎండాకాలం 40 దాటడం మామూలు, కొన్నేళ్లు 45ను తాకుతుంది. రేకుల కప్పు కింద గదిలో పడేసిన డబ్బా లోపల అంతకన్నా ఎక్కువ. సీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కోస్తాలో పట్టినంత బూజు ఇక్కడ పట్టదు. ఆ ఒక్క మేలూ వేడి ముందు నిలవదు. పైగా మరీ పొడిబారితే జెలటిన్ ఎండి, ఫిలిం పెళుసై, తాకితే విరిగేలా తయారవుతుంది.

ఎండొక్కటే కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు కరువు సీమలోనూ కాగితాలు, ఫొటోలు నీళ్లపాలవుతాయని అందరం చూశాం. వరదలో తడిసిన ఫిలింను ఎండలో ఆరబెడితే ఉబ్బిన జెలటిన్ పక్క చుట్టుకు అతుక్కుని మళ్లీ ఊడదు. దాన్ని శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి, తడిగానే ల్యాబుకు చేర్చాలి.

రసాయనం సగం చంపితే వ్యాపారం సగం చంపింది. ఆడటం అయిపోయిన ప్రింటుకు మన దగ్గర విలువ దాంట్లోని వెండే. టాకీలు రాగానే మూకీలను కడిగి వెండి తీసుకున్నారు.

బ్రౌన్ బంగళాలో జరిగిన పని

పాడైన సినిమాను బాగుచేయడం అంటే కంప్యూటరుతో మచ్చలు తుడవడమే అనుకుంటాం. అది చివర్లో వచ్చే పని. అసలు పని ఏమిటో కడపవాళ్లకు చెప్పడం తేలిక.

1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత అక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఊరూరి నుంచీ తాళపత్ర ప్రతులు తెప్పించారు. ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ ముందు పెట్టుకుని, ఒకచోట లేఖకుడు వదిలేసిన పాదాన్ని మరో ప్రతిలో వెతికి, పాఠాంతరాలు గుర్తించి, శుద్ధప్రతి తయారు చేయించారు. ఆయన పరిష్కరించిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది.

ఇటలీలోని బొలోన్యా నగరంలో చినెటెకా అనే ఫిల్మ్ ఆర్కైవ్ 1999లో చాప్లిన్ చిత్రాల మీద మొదలుపెట్టిన పని సరిగ్గా ఇదే. ఒక్కో చిత్రానికి ప్రపంచంలో ఎక్కడెక్కడ ప్రింట్లున్నాయో పట్టీ రాసుకుని, తెప్పించి, షాటు పక్కన షాటు పెట్టి పోలుస్తారు. కెమెరాలో తిరిగిన తల్లి నెగటివ్ దొరికితే అదృష్టం. దాని నుంచి తీసిన ప్రింటు, ఆ ప్రింటు నుంచి తీసిన నెగటివ్, మళ్లీ ప్రింటు… ఒక్కో తరం దిగేకొద్దీ ముఖంలోని సన్నని ఛాయలు పోయి నలుపు, తెలుపే మిగులుతాయి. అందుకని ఏ షాటుకు ఏ ప్రతి తల్లికి దగ్గరో అది తీసుకుంటారు.

మూకీల్లో ఇంకో చిక్కుంది. అప్పట్లో ఒక నెగటివ్ నుంచి లెక్కలేనన్ని మంచి ప్రింట్లు తీసే వీలు లేదు. అందుకని రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టి తీసి, ఒక నెగటివ్ స్వదేశానికి, రెండోది విదేశాలకు వాడేవారు. రెండింటి కోణమూ కాస్త తేడా. ఒక్కోసారి టేకే వేరు. రెండూ సినిమా పాఠాలే. 'ది గోల్డ్ రష్' (1925) సంగతి మరీ విచిత్రం. చాప్లిన్ స్వయంగా 1942లో దాన్ని కుదించి, తన గొంతుతో వ్యాఖ్యానం, సంగీతం చేర్చి మళ్లీ విడుదల చేశారు. మొదటి రూపాన్ని సినిమా చరిత్రకారులు కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ 1993లో ముక్కలు ఏరి తిరిగి కూర్చారు. నూరేళ్లు నిండిన సందర్భంగా 2025లో కేన్స్‌లో మరో కొత్త పరిష్కరణ ప్రదర్శించారు.

పోయిందనుకున్న ప్రతి ఎక్కడ తేలుతుందో చెప్పలేం. కీటన్ 'ది బ్లాక్‌స్మిత్' (1922)కు అందరూ చూసినదానికి భిన్నమైన రూపం 2013లో అర్జెంటీనాలో పరిశోధకుడు ఫెర్నాండో పెన్యా చేతికి దొరికింది. లారెల్–హార్డీల 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' (1927)లో వీధి వీధంతా క్రీము పైలు విసురుకునే రెండో రీలు దశాబ్దాల పాటు దొరకలేదు. 1957లో ఒక హాస్య సంకలన చిత్రం కోసం కత్తిరించుకున్న ముక్కే అందరికీ తెలుసు. 2015లో జాన్ మిర్సాలిస్ అనే సేకర్త తాను కొన్న పాత డబ్బాల్లో ఆ రీలు 16 ఎం.ఎం. ప్రింటును గుర్తుపట్టారు.

మచ్చ ఏది, క్రీము ఏది?

ప్రతులు కుదిరాక ఫిలింను స్కాన్ చేస్తారు. ముందు బల్ల మీద చేత్తో పరీక్ష: తెగిన రంధ్రాలు, ఆపరేటర్లు వేసిన జాయింట్లు అన్నీ సరిచేయాలి. అడుగు పొడవు 35 ఎం.ఎం. ఫిలింలో 16 ఫ్రేములు. టాకీ సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నడుస్తుంది కాబట్టి వెయ్యడుగుల రీలు 11 నిమిషాలు. మూడు గంటలు దాటే 'మాయాబజార్' నిండా 2,60,000కు పైగా ఫ్రేములు. ఒక్కొక్కటీ ఒక్కో ఫొటో.

గీతలకు ఒక అందమైన భౌతికశాస్త్ర చిట్కా ఉంది. గీత నల్లగానో తెల్లగానో కనిపించేది ఎందుకంటే ఆ గాడిలో కాంతి దారి తప్పుతుంది. ప్లాస్టిక్ వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే కొలత, సుమారు 1.5. గాడిలో ఉన్న గాలిది 1. ఆ తేడా వల్లే కాంతి చెదురుతుంది. స్కాన్ చేసేటప్పుడు ప్లాస్టిక్‌తో సమానమైన గుణకం ఉన్న ద్రవంలో ఫిలింను ముంచితే గాడి నిండిపోయి, కాంతికి అక్కడ గాడి ఉన్న సంగతే తెలియదు. ప్లాస్టిక్ వైపు పడిన గీత తెర మీద మాయమవుతుంది. జెలటిన్ చీరి వెండి ఊడిపోతే మాత్రం ఏ ద్రవమూ తిరిగి తేలేదు.

దుమ్ము తుడిచే సాఫ్ట్‌వేర్ పనితీరు సూటిగా ఉంటుంది. ముందు ఫ్రేములో లేక, వెనక ఫ్రేములో లేక, మధ్య ఫ్రేములో ఒక్కదాంట్లోనే మచ్చ కనిపిస్తే అది దుమ్మని తీర్మానించి, పక్క ఫ్రేముల నుంచి అతుకు వేస్తుంది. హాస్యచిత్రాలకు ప్రమాదం ఇక్కడే. క్రీము పై వచ్చి ముఖానికి తగిలినప్పుడు చింది ఎగిరే క్రీము చుక్క ఒక్క ఫ్రేములోనే ఉంటుంది. దిండు చిరిగి ఎగిరే ఈక, పిండి బస్తా పగిలి లేచే పొగ, చెంపదెబ్బకు రాలే నీటిబొట్టు కూడా అంతే. యంత్రానికి అవన్నీ దుమ్మే. దానికే పని అప్పగిస్తే తెర శుభ్రంగా ఉంటుంది, దెబ్బ తగిలిన అనుభూతి పోతుంది. అందుకని మంచి ల్యాబుల్లో మనిషి కూర్చుని ఫ్రేము ఫ్రేమూ చూసి, యంత్రం తుడిచేసిన చుక్కలను తిరిగి పెడతాడు.

వేగం సంగతీ అంతే. మూకీ కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములా, 20 ఫ్రేములా అన్నది కెమెరామన్ మణికట్టును బట్టి ఉండేది. నవ్వు కోసం కావాలనే నెమ్మదిగా తిప్పి, ప్రదర్శనలో వేగంగా నడిపేవారు. ఆ సినిమాలన్నిటినీ టాకీ ప్రొజెక్టర్ల మీద 24 వేగంతో ఆడించడం వల్లే మూకీ అంటే మనుషులు గిలగిలా పరుగెత్తడమే అన్న అపోహ పుట్టింది. సరైన వేగం పట్టుకుంటే చాప్లిన్ నడకలో తొందర కాదు, తాళం కనిపిస్తుంది. టాకీలకూ ఈ బాధ తప్పలేదు. మన టీవీ పద్ధతి సెకనుకు 25 ఫ్రేములది. 24తో తీసిన సినిమాను 25గా నడిపితే నిడివి నాలుగు శాతం తగ్గుతుంది, శ్రుతి అర్ధస్వరానికి కాస్త తక్కువగా పెరుగుతుంది. ఘంటసాల పాట అలా విన్నవాళ్లు ఆయన పాడని శ్రుతిలో విన్నట్టే.

అనుబంధాలు అలంకారాలు కావు

పరిష్కరించిన కావ్యానికి పీఠిక, పాఠాంతరాల పట్టిక, అనుబంధం ఉంటాయి. పరిష్కరించిన సినిమాకు ఆ పని చేసేవి డీవీడీ, బ్లూరే డిస్కులతో వచ్చే అదనపు అంశాలు. క్రైటీరియన్ సంస్థ 2012లో తెచ్చిన 'ది గోల్డ్ రష్' డిస్కులో 1925 రూపం, 1942 రూపం రెండూ ఉన్నాయి. ఏది తీసివేశాడు, ఏది మార్చాడు అన్నది చూసేవాడే తేల్చుకోవచ్చు. కీటన్ 'బ్లాక్‌స్మిత్' రెండు రూపాలూ పక్కపక్కన చూస్తే, ప్రేక్షకులకు ఒకసారి చూపించాక కూడా ఆయన కథను మళ్లీ చెక్కాడని అర్థమవుతుంది.

వాడకుండా పక్కన పడేసిన ముక్కల విలువ ఎంతో కెవిన్ బ్రౌన్‌లో, గిల్ 1983లో 'అన్‌నోన్ చాప్లిన్' అనే మూడు భాగాల టీవీ చిత్రంలో చూపించారు. 1916, 17ల్లో చాప్లిన్ తీసి వదిలేసిన రీళ్లు వాళ్లకు దొరికాయి. ప్రతి టేకు మొదట్లో పలక మీద అంకె ఉంది. ఆ అంకెల వరుసలో ముక్కలను పేరిస్తే చాప్లిన్ ఆలోచన నడిచిన దారి బయటపడింది. 'ది ఇమిగ్రెంట్' సినిమా ఓడలో మొదలవుతుంది. పలకలు చెప్పిన నిజం వేరు: ముందు తీసింది హోటల్ సన్నివేశం. అందులోని మనుషులు ఎక్కడి నుంచి వచ్చారని వెతుక్కుంటూ పోయి ఓడను తర్వాత కనుక్కున్నాడు. చెత్తబుట్టలో పడాల్సిన రీలు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

సీమ నుంచి వచ్చిన నవ్వులు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి సోదరులు కడప జిల్లావాళ్లు. నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థ పెట్టి 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) తీశారు. 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డి తాడిపత్రి మనిషి. మూడింటికీ ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే. పులివెందుల దగ్గరి సింహాద్రిపురం నుంచి వెళ్లిన పద్మనాభం హాస్యనటుడిగానే ఆగక నిర్మాత కూడా అయి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చేత 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో తొలిసారి పాడించారు.

'మాయాబజార్'ను ఒకసారి శబ్దం తీసేసి చూడండి. 'అహ నా పెళ్లియంట' పాటలో శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి భుజం విదిలించే తీరు, ఉన్నట్టుండి మగవాడి ఠీవి తెచ్చుకుని వెంటనే ఆడపిల్లగా సర్దుకునే క్షణం, వీటికి మాట అక్కర్లేదు. ఎస్.వి. రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి రావడం, మాయ వస్తువులు గిల్పం, గింబళి మనుషులను ఆటాడించడం మూకీల కాలంలో ఫ్రాన్సులో మెలియెస్ మొదలుపెట్టిన కెమెరా కనికట్టు వంశానివే. తెలుగు మూకీ హాస్యం దక్కకపోయినా ఆ విద్య ఈ టాకీలో బతికి ఉంది. ఆ లడ్డూల సన్నివేశాన్ని శుభ్రం చేసేవాడు కూడా మచ్చకూ లడ్డూ పొడికీ తేడా తెలిసినవాడై ఉండాలి.

హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ చిత్రానికి రంగులద్ది, శబ్దాన్ని మెరుగుపరచి 2010 జనవరి 30న విడుదల చేసింది. కొత్త తరం థియేటరుకు వచ్చింది. ఆ మేలు కాదనలేం. కానీ రంగులద్దడం వేరు, పరిష్కరించడం వేరు. బార్ట్‌లే వెలుగు అమర్చుకున్నది నలుపు తెలుపుల కోసం. 'లాహిరి లాహిరి' వెన్నెలను ఆయన బూడిదరంగు ఛాయల మెట్లతో కట్టారు. రంగుల ప్రతి ఒక కొత్త రచన. దాని పక్కన అసలు ప్రతి అంతే శ్రద్ధతో దొరకాలి.

2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ జరిపిన ఉత్సవంలో ఈ మూడు విజయా చిత్రాలూ పెద్ద తెర మీదకు మళ్లీ వచ్చాయి. బొమ్మలు వచ్చాయి, అనుబంధాలే రాలేదు. మన వీసీడీలు, డీవీడీలు సినిమాను ఇచ్చాయి, నడుమ ప్రకటనలు ఇచ్చాయి. ఈ ప్రతి ఏ నెగటివ్ నుంచి వచ్చింది, ఏ పాట కత్తిరించారు అన్న సమాచారం ఇవ్వలేదు. 'మిస్సమ్మ'లో మొదట కథానాయిక భానుమతి. కొంత భాగం తీశాక ఆమె స్థానంలో సావిత్రి వచ్చారు. భానుమతి మేరీగా నటించిన ఆ షాట్లు ప్రేక్షకుల ముందుకు రానేలేదు. చాప్లిన్ వదిలేసిన ముక్కల నుంచి లోకం నేర్చుకున్నంత మనం వాటి నుంచి నేర్చుకుని ఉండేవాళ్లం.

కనుక ఈ అధ్యాయం చదువుతున్న కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు మిత్రులకు ఒక మనవి. మూతపడిన థియేటరు ఆపరేటర్ క్యాబిన్‌లో, టూరింగ్ టాకీసు నడిపిన తాతగారి అటక మీద తుప్పు పట్టిన డబ్బా కనిపిస్తే పాతసామాన్ల వాడికి వేయకండి. ఎండలో తెరవకండి, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి, ప్రొజెక్టరుకు ఎక్కించి ఆడించి చూడకండి. డబ్బా మీది చీటీని ఫొటో తీయండి. వెనిగర్ వాసన వస్తే మిగతా డబ్బాలకు దూరంగా, ఇంట్లో చల్లని గదిలో పెట్టండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు పెట్టండి. సినిమా హక్కులున్న సంస్థలకు కూడా ఒక మాట: తెలుగు హాస్యచిత్రాన్ని తిరిగి తెచ్చేటప్పుడు అసలు నలుపు తెలుపు ప్రతిని, అది ఎలా బాగుపడిందో చెప్పే పీఠికను కలిపి ఇవ్వండి. బ్రౌన్ రెండువందల ఏళ్ల కింద తాటాకులకు చేయించిన పని ఫిలింకు చేయడానికి ఇవాళ మన దగ్గర యంత్రాలున్నాయి, చేతనైనవాళ్లున్నారు. లేనిది వ్యవధే. పులుపెక్కిన రీలు ఇంకో పది వేసవులు ఆగదు.